మందలో ఒకడై నడిచిన కాపరి: డోర్నకల్ బిషప్ అజరయ్య



విజయవాడ నుండి వరంగల్ వైపు వెళ్ళే రైలు డోర్నకల్ జంక్షన్‌లో ఆగితే మనలో చాలామందిమి టీ కోసమో నీళ్ళ సీసా కోసమో దిగి మళ్ళీ ఎక్కేస్తాం. ఆ ఊళ్ళో ఒక కథీడ్రల్ ఉంది. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తుకొస్తుంది, స్తంభాలు చూస్తే గుడి గుర్తుకొస్తుంది. లోపల ఆరాధన అందుకొనేది మాత్రం క్రీస్తు ప్రభువే. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, ఆ ఆలయ ప్రతిష్ఠ జరిగింది. దాన్ని కట్టించిన దైవజనుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు.

ఈ రోజుల్లో మన సంఘాల్లో కాపరి అనే మాట చుట్టూ చాలా దుమ్ము పేరుకుపోయింది. పదవుల కోసం వర్గాలు, ఆస్తుల కోసం కోర్టు వాయిదాలు, నిలువెత్తు ఫ్లెక్సీలు, తండ్రి తరువాత కుమారుడికే పులిపీఠం. విశ్వాసులు ఇది చూసి నలిగిపోతున్నారు. కొందరు మౌనంగా సంఘం మానేస్తున్నారు. ఇలాంటి సమయంలో మన తెలుగు నేల మీదనే నడిచిన ఒక కాపరి జీవితాన్ని తిరిగి చూడటం మంచిదని తలంచాము.

అజరయ్య గారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం హిందూ కుటుంబం నుండి క్రీస్తును నమ్ముకొని, పల్లె సంఘానికి గురువైనవారు. ఆయన అజరయ్య గారి చిన్నతనంలోనే ప్రభువు సన్నిధికి చేరారు. ప్రార్థనాపరురాలైన తల్లి పెంపకంలో కుమారుడు ఎదిగాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా డిగ్రీ పూర్తి కాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. పరిచర్యలో చేరి, దక్షిణ భారతమంతా తిరుగుతూ యౌవనస్థుల మధ్య పనిచేశారు.

1902లో ఆయన యాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్తికులను పంపుతున్నారు. అది చూసి ఆయన మనస్సు కలత చెందింది. తిరునెల్వేలి సంఘం వయసులో పెద్దది, సంఖ్యలోనూ పెద్దది. అయినా విదేశీ మిషనరీల మీద ఆనుకొని కూర్చున్నది. తిరిగివచ్చి, 1903లో స్నేహితులతో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. పంపబడేవారు భారతీయులే, ఖర్చు భారతీయులదే, నడిపింపు భారతీయులదే అన్నది దాని నియమం. 1905లో క్రిస్మస్ నాడు సేరంపూర్‌లో ఆరంభమైన నేషనల్ మిషనరీ సొసైటీకి కూడా ఆయనే కార్యదర్శి అయ్యారు.

అప్పటికి ఆయన దేశమంతటికీ తెలిసిన క్రైస్తవ నాయకుడు. ఇక్కడే ఆయన జీవితంలో అసలు మలుపు వచ్చింది. ఊరూరా తిరిగి యౌవనస్థులను సువార్త పొలానికి వెళ్ళమని పిలుస్తున్నారు. మరి తన సంగతి? ఇతరులను పంపి తాను వేదిక మీద ఉండిపోవడం ఆయన వల్ల కాలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది, భార్య అన్బు అమ్మగారితో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. సొసైటీ పనిచేస్తున్న పొలం అదే. పేరు తెచ్చుకొన్న నాయకుడు ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకోవడం మొదలుపెట్టాడు.

మరుసటి సంవత్సరం, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య గారు విదేశీ మిషనరీల త్యాగానికి మనసారా కృతజ్ఞత చెప్పారు. ఆ వెంటనే, వారికీ భారతీయ సేవకులకూ మధ్య స్నేహం కరవైందని నిర్మొహమాటంగా చెప్పారు. వారు ప్రాణాలు ధారపోశారు, ప్రేమ చూపారు, కానీ సమానులుగా పక్కన కూర్చోబెట్టుకోలేదన్నది ఆయన ఆవేదన. సభలో చాలామందికి అది రుచించలేదు. పోషిస్తున్నవారి ఎదుట నిలబడి సత్యం చెప్పాలంటే, మనలను నిజంగా పోషించేవాడు ఎవరో తెలిసి ఉండాలి. కీర్తన 23 పాడటం సులువు. లేమి కలుగుతుందేమోనన్న భయం ఎదురైనప్పుడు దాన్ని నమ్మటం వేరే సంగతి.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఒక భారతీయుని కింద ఆంగ్లేయ మిషనరీలు ఎలా పనిచేస్తారని అభ్యంతరాలు లేచాయి. తమవారిలోనూ సణిగినవారున్నారు. మొదట చిన్నదిగా ఉన్న డయోసిస్‌లో తరువాత కృష్ణా ప్రాంతం కూడా చేరి, ఆంగ్లేయ మిషనరీలు నిజంగానే ఆయన అధికారం కిందికి వచ్చారు. ఎడిన్‌బరోలో తాను అడిగిన స్నేహాన్ని ఇప్పుడు అధికారిగా తానే చూపవలసి వచ్చింది.

ఆయన దినచర్య బిషప్ బంగళాలో గడిచినది కాదు. ఎడ్లబండి మీద పల్లె వెంబడి పల్లె తిరిగారు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ప్రజలతో కూర్చుని బోధించారు. ప్రజలు ఆయనను తండ్రిగారు అని పిలుచుకున్నారు. బాప్తిస్మం పొందినవారి చేత, తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటను వారి సొంత మాటగా పలికించేవారు. సాక్ష్యం గురువుగారి పని మాత్రమే అని ఆ పల్లెల్లో ఎవరూ అనుకోకూడదు. కూలి చేసుకు బ్రతికే తల్లులు వంటకు బియ్యం తీసేటప్పుడు ప్రభువు కోసం పిడికెడు పక్కన పెట్టేవారు. పేదలు ఇవ్వలేరనడం వారిని గౌరవించడం కాదని ఆయనకు తెలుసు.

తరతరాలుగా అంటరానివారని తోసివేయబడిన ఇండ్లనుండి ఉపదేశకులు, గురువులు లేచారు. చదువు నేర్చి, బైబిలు చేతపట్టి, బలిపీఠం ముందు నిలిచారు. మారిన వారి జీవితాలు చూసి, వారిని దూరం పెట్టిన కులాలవారు కూడా కొందరు క్రీస్తు దగ్గరకు వచ్చారు. ఆయన చివరి సంవత్సరాలకు డోర్నకల్ డయోసిస్‌లోని క్రైస్తవుల సంఖ్య సుమారు 2 లక్షలు.

అంతా సుఖంగా జరిగిందని చెప్పడం అబద్ధమవుతుంది. మాల, మాదిగ అనే తేడా సంఘంలో పూర్తిగా పోలేదు. ఆ తగవులు ఆయన గుమ్మం దాకా వచ్చాయి, ఆయనను బాధించాయి. నేటికీ మన సంఘ ఎన్నికల్లో ఆ గాయం మానలేదన్నది మనకు తెలుసు. కాపరి ఎంత మంచివాడైనా మంద పాపాన్ని కడిగేది ఆయన కాదు. అందుకే కాపరిని ప్రేమించవచ్చు, గౌరవించవచ్చు, కానీ మన నమ్మకాన్ని ఆయన మీద పెట్టకూడదు.

ఆయన హృదయ భారం మరొకటి ఉంది. క్రీస్తు శరీరం ముక్కలై ఉండటం. 1919లో తరంగంబాడిలో కొందరు సేవకులతో కలిసి దక్షిణ భారత సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చారు. అప్పటినుండి పాతికేళ్ళపాటు చర్చలు, సభలు, నిరాశలు. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. మోషేవలె దూరం నుండి చూసి వెళ్ళిపోయారు. అయినా పని ఆగలేదు, ఎందుకంటే ఆ మంద ఆయనది కాదు.

ప్రియులారా, కాపరులమైన మేము ముందుగా మమ్మును పరీక్షించుకోవాలి. మేము లేకపోతే సంఘం ఏమైపోతుందోనని దిగులుపడుతున్నామా, లేక మేము లేకున్నా నిలిచే విశ్వాసులను తయారు చేస్తున్నామా? వేరొకరు ఎదుగుతుంటే సంతోషిస్తున్నామా? పొమ్మని చెప్పిన చోటికి మేము వెళ్తున్నామా? యెహెజ్కేలు 34వ అధ్యాయంలో తమ్మును తామే మేపుకొన్న కాపరులను దేవుడు లెక్క అడిగాడు. ఆ అధ్యాయం ముందుగా మా బల్లమీద తెరిచి ఉండాలి.

సంఘ సభ్యులకూ ఒక మాట. రాబోయే ఎన్నికల్లో, నియామకాల్లో, ఎవరు మన కులం, ఎవరు మన వర్గం అని కాక, ఎవరు ప్రధాన కాపరి స్వరాన్ని వింటున్నారు అని అడగండి. కాపరి పడిపోయినా మీరు పడిపోకండి. మిమ్మును పేరు పెట్టి పిలిచిన మంచి కాపరి నిన్న ఎన్నికైనవాడు కాడు, రేపు దిగిపోయేవాడూ కాడు.

ఈసారి రైలు డోర్నకల్‌లో ఆగినప్పుడు ఒక్క నిమిషం తల వంచుదాం. మన సంఘాలకు అలాంటి కాపరులను ఇమ్మని ప్రార్థించుదాం. ఆ ప్రార్థనకు జవాబుగా ప్రభువు మనలనే పంపితే, కాదనకుండా బయలుదేరుదాం. ఆమేన్.