మచ్చ వెనుక కథ చెప్పిన అలిబేర్

హైడెల్‌బర్గ్‌లో మా సైట్‌లో చేతులకు దురద, పగుళ్లు కొత్తేం కాదు. సిమెంటులోని క్రోమియం పడనివాళ్లకు ఎగ్జిమా వస్తుంది. అందుకే యూరప్‌లో 2005 నుంచి దానికి పరిమితి పెట్టారు. నా తొడ మీద మచ్చ లేస్తే అదీ సిమెంటు పుణ్యమేలే అనుకుని రెండేళ్లు క్రీములు పూశాను. తగ్గలేదు. చర్మానికి వచ్చే లింఫోమా కాదని తేల్చుకోవాలంటూ డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు కోసం నిద్రలేకుండా గడిపిన రోజుల్లో తెలుసుకున్న మనిషే జాన్ లూయీ అలిబేర్.

ఈయన 1768లో ఫ్రాన్స్‌లోని విల్‌ఫ్రాంష్ ద రువెర్గ్‌లో పుట్టారు. మతగురువు అవుదామనుకుంటే ఫ్రెంచి విప్లవం వచ్చి ఆ దారి మూసేసింది. పారిస్ వెళ్లి వైద్యం చదివి, 1801లో సెయింట్ లూయీ ఆసుపత్రిలో చేరారు. అది ఒకప్పుడు ప్లేగు రోగుల కోసం కట్టించిన ఆసుపత్రి. అలిబేర్ నాటికి మొండి చర్మరోగాలున్న పేదలంతా అక్కడికే వచ్చేవారు. ఆవరణలో చెట్ల కింద రోగుల్ని చూపిస్తూ ఆయన పాఠాలు చెప్పేవారు. జబ్బులకు రంగుల బొమ్మలు వేయించి పుస్తకాలు తెచ్చారు.

1806లో ఒక రోగి గురించి రాశారు. ముందు పొలుసులు రాలే దద్దు, తర్వాత పుట్టగొడుగుల్లాంటి గడ్డలు. 1832లో ఆ జబ్బుకు మైకోసిస్ ఫంగాయిడిస్ అని పేరు పెట్టారు. పేరు చూసి ఫంగస్ అనుకుంటాం గానీ సంబంధమే లేదు. అది తెల్లకణాల్లోని టి-కణాలకు వచ్చే క్యాన్సర్ అని 1970ల్లో గాని తేలలేదు.

అలిబేర్ రాజు పద్దెనిమిదో లూయీకి వైద్యుడయ్యారు, బారన్ బిరుదూ పొందారు. చర్మరోగాలన్నిటినీ చెట్టు కొమ్మల్లా విడదీసి 1829లో ఒక పటం వేశారు. ఆ వర్గీకరణ మాత్రం నిలవలేదు. 1834లో ఆయన వార్డులోనే రెనూచి అనే విద్యార్థి గజ్జి పురుగును సూదిమొనతో బయటికి తీసి చూపించాడు. 1837లో అలిబేర్ కన్నుమూశారు. అదే ఆసుపత్రి వైద్యుడు బజాఁ 1870లో ఈ లింఫోమా మచ్చ, దళసరి పొర, గడ్డ అనే మూడు మెట్లలో నడుస్తుందని వివరించారు.

చిక్కంతా ఆ మొదటి మెట్టులోనే ఉంది. అది అచ్చం ఎగ్జిమాలా, సోరియాసిస్‌లా ఉంటుంది. ఎండ తగలని తొడలు, పిరుదులు, నడుము మీద వస్తుంది. ఏళ్ల తరబడి పోదు. మన చామనఛాయ ఒంటి మీద తెల్లమచ్చల్లానూ రావచ్చు, శోభి అనుకుని వదిలేస్తాం. ఒక్క ముక్క పరీక్షలో తేలకపోవచ్చు, మళ్లీ తీయాల్సి రావచ్చు. స్టెరాయిడ్ క్రీములు జబ్బును మరుగుపరుస్తాయి కాబట్టి ఏం పూస్తున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

నాది మామూలు ఎగ్జిమా అనే తేలింది. ఎక్కువమందికి అంతే, లింఫోమా చాలా అరుదు. ఒకవేళ అదే అయినా, మొదట్లో పట్టుకుంటే చాలామంది నిండు జీవితం గడుపుతారు. మందుకు లొంగని మచ్చను మాత్రం మొహమాటపడి దాచుకోకండి, డాక్టరుకు చూపించుకోండి.