జిగోరో కానో

జపానుదేశమున మికాగె యను నూరిలో 1860వ సంవత్సరమున జిగోరో కానో జన్మించెను. బాల్యమున నీతడు పొట్టివాడు, బలహీనుడు. చదువునందు ముందుండినను, తోడివిద్యార్థులలో బలిష్ఠులు కొట్టి బాధించుచుండిరి. అందుచే 1877లో ఫుకుదా హచినోసుకె యను గురువునొద్ద జుజుత్సు విద్యను నేర్వ నారంభించెను. ఆ కాలమున దాని నాదరించువా రరుదు.

1882లో టోకియో నగరమందలి ఎయిషోజి యను బౌద్ధాలయమున, పండ్రెండు చాపలు పట్టు గదిలో తన శిక్షణాలయమును స్థాపించి, తాను సంస్కరించిన విద్యకు జూడో అని పేరిడెను. ఇందు మొదట నేర్పునది కొట్టుట కాదు, పడుట. గడ్డమును రొమ్మున కదిమి పడినచో తల నేలకు తగులదు. అరచేతితోను ముంజేతితోను నేలను చరచినచో దెబ్బ యదురు తగ్గును. మన బాలు రందరును పడవేయుటయే నేర్వగోరుదురు గాని పడుట నేర్వగోరరు! తరువాత తూకము తప్పించుట. త్రోయువానిని మనము నెదురు త్రోసినచో బలవంతుడే గెలుచును. వెనుకకు తగ్గి వానినే లాగినచో, తన త్రోపుడుచేతనే వాడు ముందునకు తూలును. ఆ క్షణమున చిన్నవాడును పెద్దవానిని పడవేయగలడు. ప్రాణాపాయకరములగు దెబ్బలను మాత్రము కానో స్వేచ్ఛాసాధనమునుండి తొలగించెను.

వృత్తిచే నీతడు ఉపాధ్యాయుడు. టోకియోలోని ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు చిరకాల మధ్యక్షుడుగా నుండెను. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున సభ్యుడయ్యెను. 1938లో కైరో నగరమందలి యా సంఘసభకు వెళ్లి మరలివచ్చుచు, స్వదేశము చేరకమునుపే హికవా మారు అను నోడలో మరణించెను.