పది గోల్స్ ఓటమి తరువాత కూడా నిలిచిన గురువు

2024 జూన్‌లో బక్రీద్ వెళ్ళిన నాలుగో రోజు, శుక్రవారం సాయంత్రం. అన్నవరం రైల్వే స్టేషను దగ్గర టీ తాగుతుంటే పక్క బల్ల మీది కుర్రాళ్ళ వాదన మా చెవిన పడింది. భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను ఆ వారంలోనే తొలగించారు. ఆయన 2019లో వచ్చారు. జనవరిలో ఆసియా కప్పులో మూడు మ్యాచ్‌లూ ఓడి, ఒక్క గోల్ కూడా చేయలేకపోయినప్పుడే పంపేయాల్సిందని ఒకడన్నాడు. దోహాలో బంతి గీత దాటిపోయినా గోల్ ఇచ్చారు, అందులో కోచ్ తప్పేముందని మరొకడు అడిగాడు. తప్పు ఎవరిదైనా ఐదేళ్ళు చాలా ఎక్కువని మూడోవాడు తేల్చేశాడు.

ఎవరి మాట సబబో తేల్చే పని మేము పెట్టుకోలేదు. కానీ టీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా మా మనసు హైదరాబాదుకు వెళ్ళింది. ఇంతకంటే ఎంతో పెద్ద ఓటమి చూసి కూడా నిలబడిన ఒక బడిపంతులు గుర్తుకొచ్చారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్.

ఆయన 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. పాఠాలు చెబుతూ, సాయంత్రాలు మైదానంలో గడిపేవారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్నుమూసే వరకు ఆ బాధ్యత మోశారు.

పిల్లల ఆట బాగుపడాలంటే బడి నుంచే మొదలుపెట్టాలని ఆయన నమ్మకం. బంతిని తన దగ్గరే ఉంచుకుని చూపించుకునే అలవాటు పోగొట్టడానికి డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టారు. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితో కూడా ఆడాలని, బలం తక్కువైన కాలితోనే ఆడే పోటీలు పెట్టారు. చూసేవారికి ఇది వింతగా అనిపించి ఉండవచ్చు. ఫలితం మాత్రం వింత కాదు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1956, 1957 సంవత్సరాల్లో హైదరాబాదు సంతోష్ ట్రోఫీ సాధించింది.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు, ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. దేశమంతా పొంగిపోయింది.

మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్. అక్కడి చలిలో మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి. ఈ రోజుల్లో పది గోల్స్ తిన్న కోచ్ ఇంటికి చేరకముందే ఉత్తర్వు చేరుతుంది. టీ కొట్టు దగ్గర ఆయన పక్షాన మాట్లాడేవాడు ఒక్కడూ ఉండడు.

రహీం సాబ్ శకం అక్కడితో ముగిసిపోలేదు. అయితే నిలవడం ఒక్కటే గొప్ప కాదు, ఆ ఓటమి నుంచి ఏం నేర్చుకున్నారన్నది గొప్ప. హెల్సింకి తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఐరోపా జట్లు ఎలా ఆడుతున్నాయో ఆయన శ్రద్ధగా చూశారు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచి ప్రసిద్ధం చేసిన 4-2-4 కూర్పుకు దగ్గరి ఆటను మనవాళ్ళకు ముందే అలవాటు చేశారు.

కుర్రాళ్ళను వెతికి పట్టుకోవడంలో కూడా ఆయనకు ఆయనే సాటి. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబానికి చెందిన తులసీదాస్ బాలరాంను ఆయనే గుర్తించారు. అంత దూరం నుంచి సాధనకు రావడానికి ఆ పిల్లవాడి దగ్గర డబ్బు లేకపోతే సైకిలు అద్దె కూడా తానే చూసుకున్నారు. ఏ మతం, ఏ భాష అన్నది ఆయన అడగలేదు. కాలు ఎలా కదులుతోందన్నదే చూశారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ కష్టం ఫలించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేయగా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది. ఆసియా నుంచి అంతవరకు వెళ్ళిన మొదటి జట్టు మనదే. అక్కడ మళ్ళీ ఎదురైంది యుగొస్లావియానే. ఈసారి మనవాళ్ళే ముందు గోల్ చేశారు. చివరికి 4-1తో ఓడినా, నాలుగేళ్ళ క్రితం జట్టుకూ దీనికీ ఎంత తేడా! కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా గెలవడంతో నాలుగో స్థానం దక్కింది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1గా నిలిచినా, హంగరీ, పెరూల చేతిలో ఓడి మొదటి దశలోనే వెనుదిరిగారు. ఇక చాలనడానికి అదొక మంచి సందర్భం. పైగా రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ పట్టుకుంది. అయినా 1962లో జట్టును తీసుకుని జకార్తా ఆసియా క్రీడలకు వెళ్ళారు.

అక్కడ ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని భారత క్రీడా ప్రతినిధి ఒకరు తప్పుపట్టడంతో స్థానికులు మన జట్టు మీద కోపంగా ఉన్నారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తరువాతి మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రక్షణ పంక్తిలో ఆడే అతణ్ణి రహీం సాబ్ కూర్చోబెట్టలేదు, ముందు వరుసకు పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్లో అదే కొరియా ఎదురైంది. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరుపులే. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోల్స్ చేయగా భారత్ 2-1తో గెలిచింది.

తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు మరో స్వర్ణం రాలేదు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమాతో మన పిల్లల్లో చాలామందికి ఆయన పేరు తెలిసింది. అంతకు ముందు సొంత రాష్ట్రంలోనే ఆయనను దాదాపు మరచిపోయాం.

మరి టీ కొట్టు దగ్గరి ప్రశ్నకు జవాబేమిటి? కోచ్ పదవి ఒక అమానత్. దాన్ని సంవత్సరాలతో కొలిస్తే లాభం లేదు. ఓడినప్పుడు తన పద్ధతి మార్చుకున్నాడా, తన తరువాతివారిని తయారు చేస్తున్నాడా అని చూడాలి. రెండూ చేసేవాడు పదేళ్ళున్నా ఎక్కువ కాదు. రెండూ చేయనివాడు పది నెలలున్నా ఎక్కువే. ఆయన చేతి కింద ఆడిన పి.కె. బెనర్జీ తరువాత తానే గొప్ప శిక్షకుడయ్యారు. కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం రోమ్ జట్టులో ఉండి, అనంతరం అంతర్జాతీయ రెఫరీ అయ్యారు.

మన వీధిలో పిల్లలకు ఆట నేర్పే మాస్టారు ఎవరైనా ఉంటే, ఒక ఓటమి చూసి ఆయనను పంపేయకండి. ఆ ఓటమి తరువాత మరునాటి ఉదయం ఆయన పిల్లలతో ఏం చేయిస్తున్నారో వెళ్ళి చూడండి.