ఏనుగు కడుపులో గడియ: అల్-జజరీ కథ

డేరాలో మెట్రో రెడ్ లైన్ ఎక్కి ఇబ్న్ బతూతా స్టేషన్‌లో దిగితే, 2005లో మొదలైన ఇబ్న్ బతూతా మాల్ వస్తుంది. అందులో ఇండియా కోర్టు మధ్యన అంబారీ కట్టిన పెద్ద ఏనుగు బొమ్మ ఉంది. మనలో చాలామందిమి దాని ముందు పిల్లల్ని నిలబెట్టి ఫొటో తీసుకుని వెళ్ళిపోతాం. నిజానికి అది బొమ్మ కాదు, గడియారం! ఎనిమిది వందల ఏళ్ళ క్రితం దాన్ని రూపొందించిన మహానుభావుడి పేరు అల్-జజరీ.

టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల ఎగువ ప్రాంతాన్ని అరబ్బులు జజీరా అనేవారు. ఆయన పేరు ఆ ప్రాంతం వల్లనే వచ్చింది. ఇప్పటి టర్కీలోని ద్యార్‌బకిర్ ప్రాంతాన్ని ఏలిన అర్తూకిద్ రాజుల కొలువులో ఆయన పాతికేళ్ళు ఇంజనీరుగా పనిచేశారు. మొదట తండ్రి దగ్గర, తరువాత వరుసగా ఇద్దరు కొడుకుల దగ్గర. చివరి రాజు నాసిరుద్దీన్ మహమూద్ కోరిక మీద, తాను చేసిన యంత్రాలలో యాభైని బొమ్మలతో సహా వివరిస్తూ 1206లో ఒక గ్రంథం పూర్తిచేశారు. మన ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవుడు రాజ్యం చేస్తున్న రోజులవి.

ఇంతకీ ఏనుగు గడియారం ఎలా నడుస్తుంది? ఏనుగు కడుపులో నీళ్ళ తొట్టి ఉంటుంది. అందులో అడుగున చిన్న చిల్లు ఉన్న గిన్నె తేలుతుంటుంది. నీరు మెల్లగా ఎక్కి, సరిగ్గా అరగంటకు గిన్నె మునుగుతుంది. మునుగుతూ తాడును లాగగానే పైనుంచి ఒక గోళీ జారుతుంది. గోపురం మీది పక్షి తిరుగుతుంది, డేగ నోటి నుంచి గోళీ పాము నోట్లో పడుతుంది. ఆ బరువుకు పాము కిందికి వంగి గిన్నెను మళ్ళీ పైకి లేపుతుంది. మావటి ఏనుగును కొడతాడు. అంబారీలో కూర్చున్న లేఖకుడి కలం, అరగంటలో ఎంతసేపు గడిచిందో గుర్తుల మీద చూపుతుంటుంది.

పిల్లలూ, ఈ చిల్లు గిన్నె మనకు కొత్త కాదు! మన పెద్దలు దాన్ని ఘటికా యంత్రం అన్నారు. అది ఒకసారి మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. గడియారం అన్న మాటలో మనం రోజూ పలుకుతున్నది ఆ గడియనే. పంచాంగంలో ఇప్పటికీ గడియలు, విఘడియలు కనిపిస్తాయి.

ఆయన చేసిన వాటిలో అన్నిటికంటే గొప్పది కోట గడియారం. దాదాపు 11 అడుగుల ఎత్తు. దాన్ని చదవడం తెలిస్తే ఆకాశాన్ని చదివినట్టే. పైన రాశిచక్రం తిరుగుతుంది. పన్నెండు రాశులలో ఆరు మాత్రమే కనిపిస్తాయి, ఎందుకంటే ఏ క్షణంలోనైనా ఆకాశంలో మనకు కనిపించేది సగం చక్రమే. సూర్యుడు, చంద్రుడు ఏ రాశిలో ఉన్నారో అందులో చూడవచ్చు. దాని కింద పన్నెండు తలుపులు. నెలవంక ముల్లు వాటి ముందు నుంచి సాగుతుంటే, గంటకొక తలుపు తెరుచుకుని బొమ్మ బయటికొస్తుంది. ఎన్ని తలుపులు తెరుచుకుంటే పొద్దు పొడిచి అన్ని గంటలైనట్టు. రాత్రిపూట పన్నెండు గాజు బిళ్ళలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆరు, తొమ్మిది, పన్నెండు గంటలకు ఐదుగురు వాద్యగాళ్ళ బొమ్మలు మేళం వాయిస్తాయి.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆ రోజుల్లో పగలు ఎంత పొడుగున్నా దాన్ని పన్నెండు భాగాలు చేసేవారు. కాబట్టి ద్యార్‌బకిర్‌లో వేసవి గంట సుమారు 74 నిమిషాలైతే, చలికాలపు గంట 48 నిమిషాలే! మన వీధిలో మసీదు అజాన్ వేళలు సూర్యుణ్ణి బట్టి రోజూ కొంచెం జరగడం గమనించారా? గంటలు కూడా అలాగే సాగి కుంచించుకునేవి. అందుకని నీటిధారను రోజురోజుకూ మార్చాలి. ముందుగా ధార నిలకడగా ఉండేందుకు, మన ఇళ్ళ వాటర్ ట్యాంకులో బంతి వాల్వు లాంటి తేలే మూతను వాడారు. ఆ తరువాత రాశుల గుర్తులున్న పలక మీద ధార వచ్చే రంధ్రాన్ని సూర్యుడున్న రాశికి జరిపితే, ఆ రోజుకు తగిన ధార వస్తుంది.

ఈ పలకను ముందుతరం వాళ్ళు కూడా చేశారు. పెద్దవాళ్ళు చేశారు కదా అని ఆయన ఊరుకోలేదు. కొలిచి చూశారు, లెక్క తప్పుతోందని గమనించారు. మళ్ళీ మళ్ళీ ప్రయోగాలు చేసి గుర్తులను తానే దిద్దుకున్నారు. అంతమాత్రాన పాతవాళ్ళను చులకన చేయలేదు. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారో పుస్తకంలో చెప్పుకున్నారు. చేసి చూడని విద్య నిజమో కాదో తేలదన్నది ఆయన నమ్మకం. రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చునే మాలాంటి వాళ్ళకు, టెస్టింగ్ చేయకుండా ప్రోగ్రామ్ ఇచ్చేయాలనిపించిన రోజున గుర్తు రావలసిన మనిషి ఆయన.

గ్రంథం పూర్తయిన 1206లోనే ఆయన కన్నుమూశారని చెబుతారు. అయినా అందులోని వివరాలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, 1974లో డోనాల్డ్ హిల్ చేసిన ఇంగ్లీషు అనువాదం వెలువడ్డాక, 1976లో లండన్‌లో ఆ కోట గడియారాన్ని తిరిగి కట్టి నడిపించారు.

శుక్ర, శనివారాల్లో అ ఆలు దిద్దించేటప్పుడు, ఇక్కడ పుట్టిన పిల్లలకు ఈ మాటలతో ఏం పని అని మాకు అప్పుడప్పుడు సందేహం వస్తుంటుంది. ఈసారి మాల్‌కు వెళ్ళినప్పుడు ఆ ఏనుగు ముందు రెండు నిమిషాలు ఆగండి. దాని కడుపులో ఏముందో మీ పిల్లల్నే చెప్పమనండి. అరబ్బు దేశపు ఏనుగు కడుపులో మన గడియ దాగి ఉందని వాళ్ళ నోట తెలుగులో వింటే, మా సందేహం తీరిపోతుంది.