1518 అని బబుల్ చేసే ముందు

గ్రూప్స్‌కో, ఎస్సై పరీక్షకో దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్నారా? అయితే ఈ బిట్ మీకు కంఠతా వచ్చే ఉంటుంది. గోల్కొండ కుతుబ్‌షాహీ రాజ్య స్థాపకుడు సుల్తాన్ కులీ, సంవత్సరం 1518. ఓఎంఆర్ షీట్ మీద రెండు సెకన్ల పని. కానీ ఆ సంవత్సరం వెనక ఉన్న మనిషి గురించి తెలుసుకుంటే, హాస్టల్లో మీరు గడుపుతున్న రోజులు ఇంకోలా కనిపిస్తాయి.

అతను ఇక్కడివాడు కాదు. ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతంలో పుట్టాడు. పూర్వీకులది కరా కోయున్లు తెగ, అంటే నల్లగొర్రెల వాళ్లు. ఒకప్పుడు ఆర్మేనియా, అజర్‌బైజాన్, పశ్చిమ ఇరాన్‌లను ఏలారు. శత్రు తెగ చేతిలో ఓడాక రాజ్యం పోయింది, వంశం పేరు మాత్రం మిగిలింది. ఉత్త పేరుతో పూట గడవదు కదా! బతుకుతెరువు వెతుక్కుంటూ దక్కన్‌కు వచ్చి, బీదర్‌లో బహమనీ సుల్తాన్ కొలువులో చేరాడు.

1487లో సుల్తాన్ మహమూద్ షాను చంపాలని కొందరు కోటలోనే కుట్ర పన్నారు. ఆ రాత్రి ప్రాణాలకు తెగించి సుల్తాన్‌ను కాపాడినవాళ్లలో సుల్తాన్ కులీ ఒకడు. అలా నమ్మకం సంపాదించాడు. కుతుబ్ ఉల్ ముల్క్ అనే బిరుదు తర్వాత వచ్చింది. 1496 నాటికి తెలంగాణ తరఫ్‌దార్ అయ్యాడు, అంటే ఈ ప్రాంతానికి గవర్నర్ అన్నమాట.

అసలు విషయం ఇక్కడుంది. 1490లోనే అహ్మద్‌నగర్‌లో తోటి అధికారి మాలిక్ అహ్మద్ స్వతంత్రం ప్రకటించుకున్నాడు. బీదర్ బలహీనపడుతున్నా సుల్తాన్ కులీ మాత్రం తొందరపడలేదు. పాత మట్టికోట ఉన్న గోల్కొండ కొండను రాతికోటగా మార్చే పని మొదలుపెట్టాడు, చుట్టూ పట్టు పెంచుకున్నాడు. 1518లో గోల్కొండలో మసీదు కట్టించినప్పుడు కూడా శాసనంలో రాజుగా మహమూద్ షా పేరే చెక్కించాడు. ఆ ఏడాది చివర్లో మహమూద్ షా చనిపోయాడు. అంటే మనం బబుల్ చేసే ఆ సంవత్సరానికి ముందు 22 ఏళ్ల గవర్నర్‌గిరీ ఉంది.

ముగింపు మాత్రం విషాదమే. అంత ఓపిక పట్టినవాడి కొడుకు జంషీద్‌కు ఓపిక లేకపోయింది. 1543లో వయసు మళ్లిన తండ్రిని మసీదులోనే చంపించి గద్దెనెక్కాడు. 1550కల్లా తనూ పోయాడు. విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకున్న తమ్ముడు ఇబ్రహీం తిరిగొచ్చి రాజయ్యాడు. ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే వచ్చే హయత్‌నగర్‌కు ఆ పేరు ఇబ్రహీం మనవరాలు హయాత్ బక్షీ బేగం మీదే వచ్చింది.

ఓపిక పట్టిన ప్రతివాళ్లూ గోల్కొండ ఏలలేరు, నిజమే. అయితే సుల్తాన్ కులీ ఎదురుచూపంతా పనిలోనే గడిచింది. నోట్స్‌లో 1518 పక్కన 1487, 1496 కూడా రాసుకోండి. ఇంకా ఎన్నేళ్లు చదువుతావని పండక్కి ఊళ్లో ఎవరైనా అడిగితే ఆ రెండు సంవత్సరాలు గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే లైబ్రరీలో మళ్లీ పుస్తకం తెరవండి.