విజ్ఞానేశ్వర యోగి – దండమునకు మేర

మితాక్షర యనగానే నేటివారికి దాయభాగమే స్ఫురించును. 1810లో కోల్‌బ్రూక్ ఆ ప్రకరణమును ఆంగ్లీకరించుటయు, న్యాయస్థానములు దానిని ప్రమాణముగా గైకొనుటయు ఇందులకు హేతువులు. నేరవిచారణ 1860 నాటి భారత శిక్షాస్మృతికి లోబడుటచే ఆ గ్రంథమునందలి దండవిచారము పండితులకు సైతము మరుగుపడినది. కావున ఆ మహనీయుని చరిత్రమును ఈ దృష్టితో పరిశీలించుట యుక్తము.

విజ్ఞానేశ్వరుడు భారద్వాజ గోత్రజుడు. పద్మనాభ భట్టోపాధ్యాయుని కుమారుడు. ఉత్తముడను గురువునకు శిష్యుడు. సర్వసంగ పరిత్యాగియై పరివ్రాజకాశ్రమమును స్వీకరించెను. 1076 మొదలు 1126 వరకు పాలించిన చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలమున, కల్యాణ పురమున వర్ధిల్లెను. అది నేటి కర్ణాటకమునందలి బసవకల్యాణము. యాజ్ఞవల్క్య స్మృతికి పూర్వము విశ్వరూపుడు రచించిన వ్యాఖ్య గహనమై యుండుటచే, బాలురకును బోధపడునట్లు సరళములైన కొలది మాటలతో ఈయన మితాక్షరను సంతరించెను.

యాజ్ఞవల్క్యుడు ధిగ్దండము, వాగ్దండము, ధనదండము, వధదండము అని నాలుగు విధములు చెప్పి, అపరాధమును, దేశకాలములను, బలమును, వయస్సును, వృత్తిని, విత్తమును ఎరిగి దండింపవలెననెను. ఉత్తమ సాహసమునకు ఈ స్మృతిలో 1080 పణములు, మనుస్మృతిలో 1000 పణములు. ఈ భేదమును విజ్ఞానేశ్వరుడు విరోధముగా తలపక, అల్పదండము తెలియక చేసిన తప్పునకు సంబంధించినదని సమన్వయించెను. బుద్ధిపూర్వకత్వమే ఇచట దండ పరిమాణమును నిర్ణయించుచున్నది.

రాగలోభభయములచే అన్యాయముగా తీర్పు చెప్పిన సభ్యులకు ఒక్కొక్కరికి రెట్టింపు దండమని స్మృతి విధించినది. దేనికి రెట్టింపు? వివాదగ్రస్త ధనమునకు కాదు, ఓడినవాడు చెల్లింపవలసిన దండమునకని వ్యాఖ్యాత నిర్ణయము. అట్లు కానిచో స్త్రీసంగ్రహణాదులయందు వివాదధనమే లేకుండుటచే సభ్యునకు దండమే ప్రసక్తింపదు.

రాజు అన్యాయముగా గైకొన్న దండమును ముప్పది రెట్లు చేసి, వరుణునకు నివేదించి, విప్రుల కొసగవలెనని మూలము. అంతటితో రాజు నిర్దోషి యగునా? కాడు. ఎవనినుండి గైకొనెనో వానికి ఆ ధనమును తిరిగి యీయవలెను, లేనిచో అపహరణదోషము తప్పదని విజ్ఞానేశ్వరుడు స్పష్టీకరించెను. రాజు చేయు ప్రాయశ్చిత్తము వేరు, పీడితునకు తీర్పవలసిన ఋణము వేరు. దండమునకు ఇంతకంటె గట్టి మేర గీచుట దుష్కరము.

ఈయన వర్ణభేదముచే దండభేదమును నిరాకరింపలేదు. ఆ లోపమును దాచుట పాండిత్యము కాదు. అయినను అవధ్యత్వము, అదండ్యత్వము మున్నగు గౌతమోక్తములైన ఆరు మినహాయింపులు బహుశ్రుతునకే కాని బ్రాహ్మణమాత్రునకు చెల్లవని నియమించెను.

పదుమూడవ శతాబ్దమున కేతన ఈ గ్రంథమును విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలో వెలయించెను. మన పాఠశాలలలో దాయభాగముతోపాటు ఈ దండప్రకరణములను కూడ పాఠము చెప్పుట ఆ యోగికి మనము తీర్పవలసిన ఋణము.