లక్షన్నర తనకొద్దన్నారు.. ల్యాబ్‌లు కట్టించారు!

సీఎస్‌ఐఆర్‌ నెట్‌కు చదువుతున్నారా? జేఆర్‌ఎఫ్‌ వస్తే నెలనెలా ఫెలోషిప్‌ అందుతుంది. అది జనం కట్టిన పన్నుల సొమ్ము. పరిశోధనకు ప్రభుత్వమే డబ్బివ్వాలన్న మాటను మన దేశంలో నిలబెట్టిన వారిలో ముందుండే పేరు శాంతిస్వరూప్‌ భట్నాగర్‌. ఆయన దారి ఎలా సాగిందో మీరూ తెలుసుకోవాలి.

1894లో ఇప్పటి పాకిస్థాన్‌లోని భేరాలో పుట్టారు. ఎనిమిది నెలల వయసులోనే తండ్రి పోయారు. అమ్మ తరఫు తాతగారింట్లో పెరిగారు. లాహోర్‌లో ఎమ్మెస్సీ చేశాక ఒక ట్రస్టు స్కాలర్‌షిప్‌తో లండన్‌ వెళ్లారు. అక్కడ బ్రిటిష్‌ ప్రభుత్వ పరిశోధన శాఖ ఏడాదికి 250 పౌండ్ల ఫెలోషిప్‌ ఇచ్చింది. 1921లో డీఎస్సీ చేతికొచ్చింది. సర్కారు ఫెలోషిప్‌ ఒక విద్యార్థిని ఎలా నిలబెడుతుందో ఆయనకు అనుభవంలో తెలుసన్నమాట.

బెనారస్‌లో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, 1924లో లాహోర్‌ వచ్చారు. అప్పుడే రావల్పిండి వైపు చమురు బావులు తవ్వుతున్న కంపెనీకి ఓ చిక్కొచ్చింది. తవ్వకానికి వాడే బురద ఉప్పునీరు తగలగానే గట్టిపడి పనికి అడ్డం పడుతోంది. అందులో చెట్టు బంక కలిపి చూడమన్నారు భట్నాగర్‌. పని అయిపోయింది! సంతోషించిన కంపెనీ పరిశోధనల కోసం లక్షన్నర రూపాయలు ఇస్తానంది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. ఆయన మాత్రం ఆ డబ్బు తనకొద్దని, యూనివర్సిటీకి ఇమ్మన్నారు. దాంతో అక్కడ పెట్రోలియం పరిశోధన విభాగమే మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో ప్రభుత్వం పెట్టిన పరిశోధన బోర్డుకు ఆయన డైరెక్టర్‌. బడ్జెట్‌ ఏడాదికి 5 లక్షలు. అది చాలదని వాదించారు. వైస్రాయ్‌ మండలి సభ్యుడు ఆర్కాట్‌ రామస్వామి ముదలియార్‌ అండగా నిలిచారు. చివరికి ఐదేళ్లపాటు ఏటా 10 లక్షల నిధికి శాసనసభ ఒప్పుకుంది. 1942లో సీఎస్‌ఐఆర్‌ పుట్టింది. స్వాతంత్య్రం వచ్చాక నెహ్రూ తోడయ్యారు. 1955 జనవరి 1న భట్నాగర్‌ కన్నుమూసేలోగా పుణె రసాయన ప్రయోగశాల, ఢిల్లీ భౌతిక ప్రయోగశాలతో పాటు డజను దాకా ల్యాబ్‌లు లేచాయి.

అందరూ మెచ్చుకున్నారా అంటే, లేదు. ల్యాబ్‌లకు డబ్బు, మనుషులు తరలిపోతే యూనివర్సిటీలు చిక్కిపోతాయన్న విమర్శ అప్పుడే వచ్చింది. సి.వి.రామన్‌ కూడా ఈ జోరును మెచ్చలేదు. మీ కాలేజీ ల్యాబ్‌లో పరికరాలు చాలకపోతే, ఆ విమర్శ ఇంకా పాతబడలేదనే అర్థం. పరిశోధనకు మన దేశం పెట్టే ఖర్చు ఇప్పటికీ జీడీపీలో ఒక శాతం దాటలేదు.

హైదరాబాద్‌లో ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ మూడూ సీఎస్‌ఐఆర్‌వే. రేపు అక్కడ ఇంటర్వ్యూకి కూర్చుంటే, మీ పరిశోధన ఎవరికి పనికొస్తుందని అడగొచ్చు. భట్నాగర్‌ ఆ ప్రశ్నకు ముందు పని చేసి చూపించారు, ఆ తర్వాతే సర్కారును డబ్బడిగారు. మీరూ జవాబు సిద్ధం చేసుకుని వెళ్లండి.